గండికోట: ఒక పాతపట్టణమును చూచు విధము

పాతపట్టణములను చూడవలెనను కోరిక మనవారిలో నానాటికి పెరుగుచున్నది. విదేశములలో ఉద్యోగములు చేయుచున్న నా పూర్వశిష్యులు కొందఱు సెలవులకు వచ్చినప్పుడు రోము నగరపు కట్టడములను గూర్చియు, ఏథెన్సు కొండమీది గుడులను గూర్చియు ముచ్చటింతురు. వినుటకు ఇంపుగానే యుండును. చివరకు, "మన సీమలో చెప్పుకోదగిన పట్టణమేమున్నది అయ్యవారూ?" అని యడుగుదురు. పారిస్సు నగరమున పుట్టిన వర్తకుడొకడు 1652లో మన పెన్నయేటి యొడ్డుననున్న పట్టణమునకు కొండయెక్కి వచ్చెననియు, కర్ణాటక దేశమున మిక్కిలి బలమైన పట్టణములలో నదియొకటి యని తన గ్రంథమున వ్రాసెననియు చెప్పినచో వారికి నమ్మకము కుదురదు. ఆ వర్తకుడు టావెర్నియే. ఆ పట్టణము గండికోట.

గండికోట కడప మండలమున, జమ్మలమడుగునకు పడమరగా పదునైదు కిలోమీటర్ల దూరమున నున్నది. నేడు అచ్చటికి పోవువారిలో పెక్కుమంది కారు దిగి, మసీదును దాటి, లోయ యంచున నిలిచి, ఛాయాచిత్రము తీయించుకొని, పొద్దు గ్రుంకకముందే మరలిపోవుచున్నారు. లోయ చూడదగినదే. కాని దానినే చూచినవాడు పట్టణమును చూచినవాడు కాడు. పాడుపడిన పట్టణమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ చోటనే యేల కట్టిరి? ఇక్కడివారు ఏమి తిని, ఏమి త్రాగి బ్రదికిరి? ఎందుచేత విడిచిపోయిరి? ఈ మూటికి సమాధానములు వెదకుచు తిరిగినచో రాళ్లు మాటాడును. వెదకనిచో రాళ్లు రాళ్లే.

మొదటి ప్రశ్నకు ఊరి పేరే సమాధానము. కొండను చీల్చుకొని ఏఱు పాఱిన చోటును మనవారు గండి యందురు. పెన్న నందికొండలలో పుట్టి, అనంతపురపు మెట్టలను దాటి, చిత్రావతిని కలుపుకొని, ఎఱ్ఱమల కొండలకు అడ్డముపడి, వానిని కోసికొని తూర్పునకు వెడలిన చోటు ఈ గండి. లోతు కొన్నియెడల 300 అడుగుల వఱకుండును. ఒడ్డులు నూలుపట్టి కోసినట్లు నిట్టనిలువుగా నున్నవి. కారణమేమనగా, ఇచ్చటి రాయి కొన్నికోట్ల యేండ్లు కాదు, నూఱుకోట్ల యేండ్లకు పైబడిన వయసు గలది. ఒకప్పటి సముద్రతీరపు ఇసుక గట్టిపడి యైనది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనికి గండికోట క్వార్ట్‌జైటు అనియే పేరు పెట్టిరి. కడప, కర్నూలు శిలలను గూర్చి విలియం కింగు వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. నేటికిని ఆ శాస్త్రము చదువువారు దానిని తిరగవేయుచునే యుందురు. ఈ రాయి అడ్డముగను నిలువుగను బీటలు వాఱి, ఎవరో దిమ్మెలుగా పేర్చినట్లు కనబడును. ఏఱు ఆ బీటల వెంట కోసినది. కోట కట్టినవారు ఆ దిమ్మెలనే యెత్తి గోడలో పెట్టిరి. ఉత్తరమున లోయయే కందకము. దక్షిణమున మాత్రము మనుష్యులు గోడ కట్టవలసివచ్చినది.

దీనిని అమెరికాలోని గ్రాండు కాన్యనుతో పోల్చుట యొక వాడుక యైనది. ఆ లోయ మైలు లోతు, 277 మైళ్ల పొడవు గలది. అట్టిదానితో పోల్చి మన గండిని చిన్నబుచ్చుట యెందులకు? ఆ లోయకు లేనిది దీనికొకటి కలదు. దీని యంచుననే కొన్నివందల యేండ్లు ఒక పట్టణము వంట చేసికొని, పెండ్లిండ్లు చేసి, పన్నులు కట్టి బ్రదికినది.

మొన్నటి సంక్రాంతి సెలవుల చివరి దినమున మేము నలుగురము అక్కడికి పోయితిమి. నలుగురమును ఉపాధ్యాయవృత్తి నుండి విరమించినవారమే. నేను తెలుగు చెప్పినవాడను. ఒకరు గణితము, ఒకరు చరిత్ర. నాల్గవవారు కొండాపురము వైపు గ్రామమునకు చెందినవారు, చాలకాలము ప్రాథమిక పాఠశాలలో పనిచేసినవారు. నంద్యాల నుండి తెల్లవాఱుజామున బయలుదేఱి, కోవెలకుంట్ల మీదుగా, కుందేటి పొలములను చూచుచు జమ్మలమడుగు చేరితిమి. త్రోవ పొడుగునను శనగచేలు. మరునాడు బడులు తెఱతురు గనుక మనుమలు వెంటరాలేదు. అందుచేత మాకు కావలసినంతసేపు నిలుచుటకు వీలు కలిగినది.

కోటద్వారము తిన్నగా లోనికి తెఱచుకొనదు. ఒక మలుపు, మఱియొక మలుపు తిరిగి పోవలెను. ఏనుగులు పరుగున వచ్చి తలుపును గ్రుద్దకుండ చేసిన యేర్పాటిది. తలుపునకు ఇనుపముండ్లు కొట్టియున్నవి. ద్వారము దాటినంతనే కొత్తవారికి ఆశ్చర్యము గొలుపునది శిథిలము కాదు, ఊరు. కోటలోపల నేటికిని జనులు కాపురముందురు, మేకలున్నవి, పెరళ్లున్నవి. ఒక యవ్వ వాకిట కూర్చుండి కందులు చెఱుగుచుండెను. మమ్ములను చూచి, "ఏడికి సామీ, లోయకాడికేనా? అందురూ ఆడికే ఉరుకుతారు. కోనేరు సూసి పోండి. అది లేకపాయె ఈ ఊరే లేదు" అనెను. నేను ముప్పదియేండ్లు పాఠములు చెప్పితిని గాని యింత సూటిగా ఏ పాఠమును మొదలుపెట్టలేదు. ఆమె చెప్పినట్లే ముందుగా కోనేటికి పోయితిమి.

ఈ సీమలో ఏడాదికి కురియు వర్షము సగటున 700 మిల్లీమీటర్ల ప్రాంతము; అదియు కొన్నిదినములలో కుండపోతగా కురిసి, తక్కిన దినములలో ఆకాశము మొగము చాటు చేయును. ఏటిలో నీరున్నను, అది 300 అడుగుల క్రిందనున్నది. ముట్టడి సమయమున క్రిందికి దిగి కుండతో నీరు తెచ్చుకొనుట సాధ్యము కాదు. కావున కొండపైబడిన వాననీటిని కొండపైననే పట్టవలెను. రాతినేల యైనందున నీరు ఇంకక వాలువెంట పాఱును; ఆ వాలు క్రింద కట్ట వేసినచో చెఱువగును. కోటలోని రాయలచెఱువు అట్టిది. చుట్టును మెట్లు గల కోనేరు మసీదునకు సమీపమున నున్నది; దానిని కత్తుల కోనేరందురు. యుద్ధము ముగిసిన పిదప వీరులు కత్తులు కడిగికొనగా నీరు ఎఱ్ఱబాఱినదని కథ చెప్పుదురు. కథ వినుటకు బాగుగనే యున్నది. కాని నాకు తోచునది వేఱు: కోనేటికి కత్తుల పేరు నిలిచినది గాని, నిత్యము అందులో ముంచిన కడవల పేరు నిలువలేదు. టావెర్నియే సహితము ఈ సంగతిని గమనించెను. కొండపై చదునైన నేల కలదనియు, చిన్న ఊటలవలన తడిసి అక్కడ వరియు చిరుధాన్యములును పండుచున్నవనియు వ్రాసెను. వజ్రముల వర్తకుని కన్ను వరిమళ్లమీద పడుట మెచ్చదగినది.

నీటి తరువాత ధాన్యము. మసీదునకు ప్రక్కగా ధాన్యాగారము కలదు. చూచుటకు అందమైనది కాదు. కిటికీలు లేని పెద్దరాతిపెట్టె యనవచ్చును. లోన అడుగిడినచో ఎత్తైన కమానుకప్పు క్రింద చల్లగా, చీకటిగా నుండును. ఆ మందపుగోడలును ఆ చీకటియును గింజకొఱకే. వేడి, తేమ, వెలుతురు మూడును తగులనిచో పురుగు ఆలస్యముగా పట్టును. మా గణితోపాధ్యాయులు అడుగులతో నిడివి వెడల్పులు కొలిచి, ఎన్ని పుట్ల ధాన్యము పట్టునో లెక్కకట్ట మొదలుపెట్టిరి. కప్పు వంపును లెక్కలోనికి తీసికొనవలెనా వద్దా యని చరిత్రవారితో వాదము వచ్చినది. ఆ వాదము కారులో తిరిగివచ్చునప్పుడు కూడ తెగలేదు. కోటబలము ఫిరంగులలో నున్నదని తలచువారు ఈ గదిలో కొంతసేపు నిలువవలెను. ముట్టడి యనగా బయటివాని ఓర్పునకును లోపలివాని గింజలకును జరుగు పందెము.

ఇక కోట పుట్టుకను గూర్చి. చాళుక్యరాజగు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు, బొమ్మనపల్లె కాపురస్థుడు కాకరాజు అనునతడు 1123లో ఈ కోటను కట్టించెనని విస్తారముగా వ్రాయుచున్నారు. ఒకరిని చూచి యొకరు వ్రాయుటయే గాని లెక్క చూచినవారు తక్కువ. ఆహవమల్లుడు 1068లోనే గతించెను. రాజు నిజమైనచో సంవత్సరము తప్పు. సంవత్సరము నిజమైనచో రాజు వేఱు. ఈ వృత్తాంతమునకు మూలము కైఫీయతు. కైఫీయతనగా, కర్నలు కాలిన్ మెకంజీ మనుష్యులు పందొమ్మిదవ శతాబ్దారంభమున ఊరూర తిరిగి, కరణముల దండకవిలెలను, పెద్దల మాటలను చేర్చి వ్రాయించిన గ్రామచరిత్రము. మన కడపమండలపు కైఫీయతులు అనేకము నిలిచియున్నవి. వానిలో రాజుల సంవత్సరములు తప్పవచ్చును. కాని చెఱువునకు కట్ట వేయించినదెవరు, గుడికి మాన్యమెంత, ఏ కులమువారు ఏ వీధిని కాపురముండిరి యను సంగతులు కరణమునకు తన కాగితములలో కనబడినవి. అవి సులభముగా తప్పవు. నేను కైఫీయతును చదువునపుడు మొదటిపుటను అనుమానముతోను, తక్కినవానిని గౌరవముతోను చదువుదును.

విజయనగర ప్రభువులకాలమున కోట పెమ్మసాని నాయకుల చేతిలోనికి వచ్చెను. కృష్ణదేవరాయల సేనానులలో పెమ్మసాని రామలింగనాయుని పేరు తెలుగువా రెఱిగినదే. ఎత్తైన గోపురము గల మాధవరాయని గుడి ఆ కాలపు శిల్పరీతికి చక్కని యుదాహరణము. స్తంభములమీది చెక్కడములను తీరికగా చూడవలెను. గర్భాలయమున విగ్రహము లేదు. రంగనాథుని గుడియు నట్టిదే. పండితవంశమున పుట్టినవాడనగుటచే, ఖాళీ గర్భగుడి ముందు ఏమి చేయవలెనో నాకు ఎన్నడును తోచదు; చేతులు మాత్రము వాటంతట అవియే జోడింపబడును.

టావెర్నియే వచ్చిన నాటికి కోట మీర్ జుమ్లా వశమున నున్నది. ఈతడు పారసీక దేశమున పుట్టి, వజ్రవ్యాపారమున ధనికుడై, గోలకొండ యబ్దుల్లా కుతుబ్ షాకు ప్రధానియైనవాడు. సుల్తానునకు అమ్మదలచిన ముత్యములను, రత్నములను ముందుగా ఈతనికి చూపింపవలసినదే. అందుకే ఆ పారిస్సువాడు 1652 సెప్టెంబరులో గండికోటకు వచ్చెను. బాట కొన్నియెడల ఏడెనిమిది అడుగులకు మించి వెడల్పు లేదనియు, ఒకవైపు భయంకరమైన లోయ యనియు వ్రాసినాడు. కాని ఆతని వ్రాతలో నాకెక్కువ నచ్చినది మీర్ జుమ్లా కొలువు వర్ణనము. ఆ ప్రధాని గుడారమున వట్టికాళ్లతో కూర్చుండి, వచ్చిన జాబులను కాలివ్రేళ్ల సందులను, ఎడమచేతి వ్రేళ్ల సందులను ఇఱికించుకొని, ఒక్కొక్కటియే లాగి, ఇద్దఱు లేఖకులకు ప్రత్యుత్తరములు చెప్పుచు, తానును వ్రాయుచుండెనట. ఆ నడుమనే నేరస్థులకు శిక్షలు విధించుచుండెనట. రాజ్యతంత్రమును గూర్చి పెద్దగ్రంథములు చెప్పలేని సంగతిని ఆ కాలివ్రేళ్లు చెప్పుచున్నవి.

ఫిరంగుల కథయు అచ్చటిదే. మీర్ జుమ్లా కొలువున క్లాడ్ మయీ యను ఫ్రెంచివాడుండెను. బూర్జ్ పట్టణము వాడు. ఇరువది ఫిరంగులు పోత పోయుమని యాతనికి ఆజ్ఞ. అందులకు కావలసిన రాగిని చుట్టుపట్ల గుడుల విగ్రహములనుండి చేర్పించిరి. మయీ అన్నిటిని కరగించెను గాని, గండికోట గుడిలోని ఆఱు విగ్రహములు మాత్రము ఎంత మంట పెట్టినను కరగలేదని టావెర్నియే చెప్పుచున్నాడు. బ్రాహ్మణులు ఏదో మంత్రము వేసిరని ప్రధానికి అనుమానము కలిగెనట. మా చరిత్రవారు నవ్వి, "కొలిమి చాలకపోయి యుండును, నెపము మంత్రముమీద పెట్టినాడు" అనిరి. అట్లే కావచ్చును. ఏమైనను, ఆ ఫ్రెంచివాని చేత ఒక్క ఫిరంగియు సరిగా పూర్తికాలేదని అదే గ్రంథమున నున్నది. ఒకటి పగిలినది, ఒకటి సగములో నిలిచినది. దేవతలును పోయిరి, ఫిరంగియు రాలేదు.

మీర్ జుమ్లా పిమ్మట మొగలాయీల పక్షమున చేరి, అస్సాము దండయాత్ర ముగిసిన తరువాత 1663లో మరణించెను. గండికోట చేతులు మాఱుచునే యుండెను. కడప నవాబులు, మైసూరు ప్రభువులు, నిజాము. తుదకు 1800లో దత్తమండలములతోపాటు ఇంగ్లీషువారికి సంక్రమించెను. మన్రోదొర 1807 వఱకు ఈ మండలములను పాలించెను.

మూడవ ప్రశ్నకు సమాధానము ఇక్కడనే దొరకును. గండికోటను ఎవరును నేలమట్టము చేయలేదు. అక్కఱ తీఱిపోయినది, అంతే. కొండయెక్కినవాడే బలవంతుడను కాలమున ప్రభువు కొండమీద నుండెను. ప్రభువుండుచోట సైన్యము, సైన్యముండుచోట అంగడి, అంగడి యుండుచోట కమ్మరి, సాలె, కోమటి. కలెక్టరు కచ్చేరి కడపలో పెట్టినప్పుడు వ్యాజ్యములు అటు పోయినవి. బండ్లును, తరువాత రైలును మైదానపు దారి పట్టినప్పుడు సరకు అటు పోయినది. మిగిలినవారు సేద్యము చేసికొను వారు మాత్రమే. వారి మనుమలును మునిమనుమలునే నేడు అక్కడ కందులు చెఱుగుచున్నవారు. రోమునగరమునకు గూడ మధ్యకాలమున ఇట్టి దశయే పట్టినది; లక్షలమంది తిరిగిన అంగడివీధిలో పసులు మేసినవి. తరువాత దానికి మరల జనము చేరిరి. గండికోటకు చేరలేదు.

మధ్యాహ్నము దాటిన పిమ్మట మా కొండాపురపు మిత్రులు, "ఇంకొకచోటు చూపవలెను, రండి" అని కోట వెలుపలికి, ఏటికి ఎగువనున్న ఆనకట్ట కడకు తీసికొనిపోయిరి. గాలేరు-నగరి పథకము క్రింద కట్టిన గండికోట జలాశయమది. శ్రీశైలమునొద్ద పోతిరెడ్డిపాడున కృష్ణనీరు కాలువలోనికి దిగి, మా నంద్యాల వైపునుండి గోరకల్లు, అవుకు మీదుగా, కొండ సొరంగమును దాటి ఇక్కడికి చేరును. జలాశయము పట్టునది 26.85 శతకోటి ఘనపుటడుగులు, వ్యవహారమున టీఎంసీలందురు. కోటలోని రాయలచెఱువు చేసిన పనియే ఇదియు, కొన్నివేల రెట్లు. నీరు లేక ఊళ్లు వలసపోయిన సీమలో ఇంత నీటిని చూచి సంతోషింపనివాడు ఉండడు. నేనును సంతోషించితిని.

మా మిత్రులు కట్టమీద నిలిచి నీటివైపు వ్రేలు చూపి, "అదిగో, ఆ మిట్టకు ఈవల మా యిల్లు" అనిరి. ఆ వ్రేలు చూపినచోట నీరు తప్ప ఏమియు లేదు. ఈ జలాశయమునకై ఇరువదికి పైగా గ్రామములు ఖాళీ చేయవలసివచ్చినవి. తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్దయూరు 2020లో నీటి పాలైనది. పరిహారమిచ్చిరి, కొత్తకాలనీలు కట్టిరి, కొందఱికి ముందు, కొందఱికి వెనుక. నీరు ఎవరికి అక్కఱలేదని ఆయన యనలేదు. ఆయన యన్నది వేఱు: "గండికోట రాజులు పోయి ఎన్ని తరములైనవి? వారి ధాన్యపుకొట్టు ఎంత వెడల్పో ఇప్పుడు మనము అడుగులతో కొలిచితిమి. మా యూరు పోయి పట్టుమని పదియేండ్లు కాలేదు. మా రచ్చబండ ఎంత వెడల్పో అడిగినచో నేనే చెప్పలేను."

మేమెవరమును మాటాడలేదు. గణితమువారు మాత్రము కొంతసేపటికి, "ఎన్ని అడుగులు వేసెడివారు దాని చుట్టు, చిన్నప్పుడు?" అని యడిగిరి. ఆయన కన్నులు మూసికొని లెక్కించిరి. పదునెనిమిది. పిల్లవాని అడుగు ఇంత యని వేసికొని, గణితమువారు జేబులోని కాగితముమీద ఒక కొలత వ్రాసిరి.

ఆనాటినుండి మేము నలుగురము ఆ యూరి కైఫీయతు వ్రాయుచున్నాము. గ్రామపు పేరును ఇక్కడ చెప్పను. పని ముగిసిన తరువాత ఆ యూరివారే చెప్పవలెనని మా మిత్రుల కోరిక. పద్ధతి మెకంజీ మనుష్యులదే. ముందు నీళ్లు: ఏ బావిలో నీరు తీపి, ఏ బావిలో ఉప్పు, ఏది ఎండకాలమున ఇంకును. తరువాత వీధులు, గుడి, పీర్లచావిడి, కళ్లములు, శ్మశానము. ఆ యూరివారు ఇప్పుడు మూడునాలుగు చోట్ల చెదరియున్నారు. ఆదివారములందు ఒక్కొక్క చోటికి పోయి అడుగుచున్నాము. మగవారికి పొలముల హద్దులు బాగుగా జ్ఞప్తియందున్నవి. వీధులు, బావులు ఆడువారిని అడుగవలెను. గణితమువారు పటము గీయుచున్నారు. బావుల పేళ్లు పదకొండు చేరినవి. వేపచెట్టు పెద్దబావికి తూర్పుననుండెనా, ఉత్తరముననుండెనా యని అక్కచెల్లెండ్రిద్దఱు భేదించిరి. ఒకరు మాధవరమునకు, ఒకరు ఎఱ్ఱగుంట్లకు కాపురము పోయినవారు. ఉగాదినాటికి ఇద్దఱిని ఒకచోట కూర్చుండబెట్టి అడుగవలసియున్నది.